గీతలున్నాయి, పనికిరాదు

బ్యాగులో ముందు బట్టలు పెట్టాను. మళ్ళీ తీసేశాను. రోలర్లు అడుగున ఉండాలి, బరువైనవి పైన పెడితే బట్టలు నలిగిపోతాయి. రోలర్లు పన్నెండు. ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉంటుంది. ఒక్కోదాన్నీ మెత్తని గుడ్డలో చుట్టి, రెండేసి చొప్పున పాత సాక్సుల్లో దూర్చి, సాక్సు మూతి దారంతో కట్టాను. ప్రతి రోలరు చివరా ఒక ఎర్రచుక్క ఉంది. ముందు రోజు స్పిరిట్ పెట్టి ఎంత రుద్దినా ఆ చుక్క పోలేదు. రోలర్ల పక్కన చెల్లెలి కళ్ళజోడు పెట్టె, తలనొప్పి మాత్రలు, తువ్వాలు, రెండు జతల బట్టలు సర్దాను. మూడో జత పెడుతుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఒక్క రోజు విచారణకి మూడు జతలెందుకక్కా? నేనేమన్నా కాపురానికి వెళ్తున్నానా?"

"టీ ఒలికితే?"

"ఒలికితే ఒలికిన బట్టలతోనే మాట్లాడతా. వాళ్ళు చూడాల్సింది రోలర్లని, నన్ను కాదు."

బ్యాగు సర్దడమంటే నాకు భయం. మా నాన్న బ్యాగు సర్దుకుని ఓడల మీద పనికని వెళ్ళాడు, అంతే. నా భర్త వారం రోజులని చెప్పి మిషన్లు బిగించడానికి వెళ్ళి, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అప్పటినుంచీ ఇంట్లో ఎవరు ఊరికి బయలుదేరినా నాకు రెండు రోజుల ముందు నుంచే అన్నం సయించదు. ఈసారి నేను కూడా వెంట వెళ్తున్నాను కాబట్టి కొంత నయం. కాని ఈసారి ఇంకో భయం పట్టుకుంది.

చెల్లెలు అటు తిరగగానే బ్యాగు అడుగున ఉండే అట్ట ఎత్తి, దాని కింద ఒక నీలం పుస్తకం దాచాను. అది నా రిజెక్టు పుస్తకం. దాన్ని ఇంట్లో వదిలిపెడితే ఎవరి కంటన్నా పడుతుందని భయం. కాల్చేద్దామంటే చేతులు రాలేదు.

మేమిద్దరం ఒకే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. పెద్ద కంప్యూటర్ల సమాచారం దాచే టేపు యంత్రాలకి భాగాలు చేసే చోటు అది. టేపు ఒక చక్రం మీద నుంచి ఇంకో చక్రం మీదికి పరుగెత్తేటప్పుడు దారి తప్పకుండా మధ్యలో చిన్న రోలర్లుంటాయి. వాటిని గైడ్లంటారు. చెల్లెలు లేత్ మీద వాటిని తయారుచేసేది. నేను తనిఖీ బల్ల దగ్గర కూచుని, భూతద్దంతో చూసి, మంచివి ట్రేలోనూ చెడ్డవి డబ్బాలోనూ వేసేదాన్ని. చెడ్డదానికి ఒక ఎర్రచుక్క పెట్టి, ఏం లోపమో పుస్తకంలో రాసేదాన్ని. వర్క్‌షాపులో నా పేరే భూతద్దం. "భూతద్దం ఒప్పుకుందా?" అంటేగాని సరుకు గుమ్మం దాటేది కాదు.

టేపు వేగంగా పరుగెడితే తనతోపాటు గాలిని కూడా లాక్కొస్తుంది. ఆ గాలి టేపుకీ రోలరుకీ మధ్య పల్చని పరుపులా పరుచుకుంటుంది. టేపు దాని మీద తేలి అటూ ఇటూ జారుతుంది. జారకుండా రోలరుకి రెండు చివర్లా కంచెల్లాంటి అంచులు పెట్టేవారు. ఆ కంచెలకి కొట్టుకుని కొట్టుకుని టేపు అంచు ముడతలు పడేది, అందులో దాచిన సమాచారం గల్లంతయ్యేది. దీనికి అందరూ ఏళ్ళ తరబడి చేసిన వైద్యం ఒక్కటే. రోలరుని ఇంకా నునుపు చెయ్యడం, అద్దంలా చెయ్యడం. నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ అదే ఉంది. బడికి నేను నాలుగేళ్ళే వెళ్ళాను. ఆ తరువాత చదివిందంతా నిఘంటువు పక్కన పెట్టుకుని, వేలు కింద ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివిందే.

చెల్లెలు అందరికీ అడ్డంగా వెళ్ళింది. కంచెలు కోసేసింది. నునుపైన రోలరు చుట్టూ సన్నని గీతలు తొలిచింది. గాలి ఆ గీతల్లోంచి తప్పుకుంటుంది, టేపు రోలరుని అంటిపెట్టుకుంటుంది, ఇక జారదు. కంచె అక్కర్లేదు. ఇంతే సంగతి. యజమాని మంచివాడు కాబట్టి పేటెంటు ఆమె పేరు మీదే రాయించాడు. మా చెల్లెలి పేరు అచ్చులో ఉన్నది లోకంలో ఆ ఒక్క కాగితం మీదే. దాన్ని అద్దం కట్టించి లేత్ పైన గోడకి తగిలించుకుంది.

కొన్నేళ్ళకి ఒక పెద్ద కంపెనీ అలాంటి రోలర్లే చెయ్యడం మొదలుపెట్టింది. ఇదేమిటని యజమాని ఉత్తరం రాస్తే, పేటెంటునే రద్దు చెయ్యమని వాళ్ళు ఎదురు పిటిషను వేశారు. ఇందులో కొత్తదనం లేదు, మామూలు పనివాడెవరికైనా తట్టే సంగతే ఇది, అన్నారు. ఎవరికైనా తట్టే సంగతికి పేటెంటు ఉండదు. వాళ్ళ మాట నెగ్గితే గోడ మీది కాగితం చిత్తుకాగితం, చెల్లెలు ఏమీ కనిపెట్టనట్టే.

నా భయం ఏమిటంటే, ఆ గీతల రోలర్లు మొట్టమొదట వచ్చింది నా బల్ల మీదికి. ఆరు రోజుల్లో నలభై ఒకటి వచ్చాయి. నలభై ఒక్కటీ నేను డబ్బాలో పారేశాను. సొంత చెల్లెలు కదా, ఆమె పనికి ఇంకాస్త గట్టిగానే భూతద్దం పెట్టేదాన్ని. ఆమె తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. డబ్బాలోంచి వాటిని ఏరుకుపోయి, పరీక్ష యంత్రానికి బిగించి, టేపు వెయ్యిసార్లు నడిపించి, అంచు చెక్కుచెదరని ఆ టేపు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ పుస్తకం కంపెనీ లాయరు చేతిలో పడితే, "సొంత అక్కే పనికిరాదని రాసింది చూడండి" అనడా? అందుకే దాచాను.

మా లాయరమ్మకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. పేటెంటు కచేరీ మెట్ల మీద ఒక చేత్తో ఫైళ్ళు, ఇంకో చేత్తో సగం తిన్న బిస్కెట్టు పట్టుకుని మాకోసం నిలబడి ఉంది.

"చిన్నమ్మగారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అంది చెల్లెలితో. "అడిగిందానికే జవాబు చెప్పండి. అడగంది చెప్పకండి."

"దానికి చేతకాని పని అదొక్కటేనమ్మా," అన్నాను.

"అక్కా!"

"ఉన్నమాటే కదే."

లాయరమ్మ నవ్వలేదు. "వాళ్ళ వాదనంతా ఒక్క మాట మీద నిలబడింది పెద్దమ్మా. ఆ రోజుల్లో మామూలు పనివాడెవడైనా ఈ పని చేసేవాడే అంటారు. చెయ్యడని మనం చూపించాలి. జరగనిదానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాం? రాత్రంతా ఇదే ఆలోచన."

ఆమె అలా అంటుంటే నేను బ్యాగుని ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాను. అప్పటికీ నా బుర్రలో వెలగలేదు.

విచారణ గది మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, దాని మీద గాజు జగ్గు, బోర్లించిన గ్లాసులు ఉన్నాయి. కిటికీ రెక్క కొట్టుకోకుండా కాగితం మడిచి దూర్చారు. విచారణాధికారి బట్టతలాయన. ముందు నాలుగు పెన్సిళ్ళు వరసగా పెట్టుకుని, మాట్లాడేవాళ్ళ ముఖం చూడకుండా పెన్సిలు మొన చూస్తూ వింటున్నాడు. కంపెనీ తరఫున ఏడుగురు వచ్చారు. మా వైపు ముగ్గురమే. యజమాని జ్వరం వచ్చి ఆగిపోయాడు.

కంపెనీ లాయరుది సన్నటి ఒళ్ళు, సన్నటి గొంతు, సన్నటి అంచుల కళ్ళజోడు. ఆయన అరవలేదు, బల్ల గుద్దలేదు. పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"అయ్యా, ఇక్కడ రెండు పాత కాగితాలున్నాయి. ఒకటి పాటల టేపు యంత్రానిది. అందులో రోలరుకి కంచెల్లేవు. రెండోది కాగితం మిల్లుది. అక్కడి పెద్ద రోలరు చుట్టూ గీతలున్నాయి, గాలి పోవడానికేనని రాసి కూడా ఉంది. ఈ రెండూ ఒక బల్ల మీద పెట్టండి. ఆ బల్ల ముందు ఒక మామూలు పనివాణ్ణి కూచోబెట్టండి. సాయంత్రం టీ వేళకి ఈవిడగారి రోలరు చేసి చేతిలో పెడతాడు."

వాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ మిల్లు రోలరు బొమ్మని నేను చూడగానే గుర్తుపట్టాను. టేపు పనికి రాకముందు మేమిద్దరం నాలుగేళ్ళు కాగితం మిల్లులోనే పనిచేశాం. అలాంటి రోలర్లని నేను రోజూ గుడ్డతో తుడిచాను. గీతల్లో ఇరుక్కున్న పీచుని పుల్లతో తీశాను.

"ఒసేయ్ చిన్నీ, మన మిల్లు రోలరే!" అన్నాను చెల్లెలి చెవిలో.

"అబ్బ, ఊరుకో అక్కా."

విచారణాధికారి పెన్సిలు ఎత్తాడు. "మామూలు పనివాడంటే ఎవరు? ఎంత తెలిసినవాడు?"

లాయరు తమ ప్రొఫెసరు రాసిచ్చిన కాగితం తీసి చదివాడు. "టేపు యంత్రాల భాగాల పనిలో కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలి. ఆ పనివాళ్ళు చదివే పుస్తకాలు చదివి ఉండాలి. నేను చెప్పిన రెండు రకాల రోలర్లూ ఎరిగి ఉండాలి. గొప్ప తెలివి అక్కర్లేదు. కొత్తవి కనిపెట్టే బుద్ధి అసలే ఉండకూడదు."

విచారణాధికారి ఆ నాలుగూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు.

తరువాత చెల్లెల్ని సాక్షి కుర్చీలో కూచోబెట్టారు. కంపెనీ లాయరు లేచి, సొంత మేనమామలా పలకరించాడు.

"అమ్మా, ఈ గీతల ఆలోచన మీకు ఎలా వచ్చింది?"

"వానలో వచ్చిందండి."

"వానలోనా?"

"అవునండి. వర్క్‌షాపు గుమ్మం దగ్గర గచ్చు తడిసిపోయింది. నా చెప్పులు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. జర్రున జారి కూలబడ్డాను. మా అక్క కొత్త చెప్పులేసుకుని నా పక్కనుంచే టకటకా నడిచిపోయింది. పైగా 'కళ్ళెక్కడ పెట్టుకున్నావే' అని తిట్టింది కూడా. కింద పడున్నానేమో, ఆవిడ చెప్పుల అడుగు కనబడింది. గీతలు! నీళ్ళు ఆ గీతల్లోకి పోతున్నాయి, కాలు నేలని పట్టుకుంటోంది. మా టేపు కింద గాలి కూడా ఇంతే కదా అనిపించింది."

చెప్తుంటే ఆమె ముఖం వెలిగిపోతోంది. నలభై నాలుగేళ్ళ మనిషి పదేళ్ళ పిల్లలా కుర్చీ అంచుకి వచ్చేసింది.

"చాలా బాగా చెప్పారు," అన్నాడు లాయరు. "గీతలుంటే జారదన్నది తడి నేల మీద నడిచే ప్రతివాడికీ తెలిసిన సంగతే, అవునా?"

"అవునండి!" అంది చెల్లెలు సంతోషంగా.

మా లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

"అయితే ఇది ఎవరికైనా తట్టే సంగతే."

"తట్టాలి కదండి మరి. నాకే అంత ఆలస్యంగా తట్టింది."

లాయరు ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. వంగి దణ్ణం పెట్టినంత పని చేసి కూచున్నాడు. విచారణాధికారి కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. చెల్లెలు మా వంక చూసింది. బాగా చెప్పాననే అనుకుంటోంది పిచ్చిది. లాయరమ్మ ముఖం చూశాక ఆమె నవ్వు మెల్లగా జారిపోయింది.

పదేళ్ళ అనుభవం. పుస్తకాలు. రెండు రోలర్లూ ఎరిగి ఉండాలి. కనిపెట్టే బుద్ధి ఉండకూడదు. లాయరు చదివిన మాటలు నా చెవుల్లో గింగురుమంటున్నాయి. ఎవడా పనివాడు? ఆ బల్ల ఎవరిది? టీ వేళకి చేసి ఇస్తాడట! చెయ్యడం దాకా ఎందుకు, చేసిన రోలరే తెచ్చి చేతిలో పెడితే ఏం చేశాడో నాకు తెలియదూ?

నేను లేచి నిలబడ్డానని నాకు తెలియదు. కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడు మాత్రం విన్నాను.

"అయ్యా, ఆ మామూలు పనివాడు నేనేనండి!"

విచారణాధికారి మొదటిసారి పెన్సిలు మొన మీద నుంచి కళ్ళెత్తాడు.

"మీరెవరమ్మా?"

"ఈ పిల్ల అక్కనండి. తనిఖీ బల్ల నాదేనండి."

"సాక్షుల జాబితాలో ఉన్నారా?"

"లేనండి. బ్యాగు మోయడానికొచ్చాను."

"పెద్దమ్మా, కూచోండి," అని లాయరమ్మ నా చెయ్యి లాగింది.

"కూచోనమ్మా. ఆ రోలర్లు ముందు నా దగ్గరికే వచ్చాయి. నలభై ఒకటి. అన్నీ నేనే పారేశాను. రాసిపెట్టిన పుస్తకం కూడా ఉంది."

మా లాయరమ్మ నోరు తెరిచింది, కాని ఆమె కంటే ముందు కంపెనీ లాయరు లేచాడు. ఆయన కళ్ళజోడు మెరిసింది. "పారేశారా? పనికిరావనా? అయ్యా, జాబితాలో లేకపోయినా ఫరవాలేదు, మాకేమీ అభ్యంతరం లేదు. చెప్పనివ్వండి." నేను ఇన్నాళ్ళూ భయపడిందే ఆయనకి తట్టింది. ఆశగా చెయ్యి కూడా చాచాడు.

పుస్తకం అట్ట కింద కదా, బ్యాగంతా బల్ల మీద ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. తువ్వాలు, మాత్రలు, చెల్లెలి లోపలి బట్టలు, దారం కట్టిన సాక్సులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. విచారణాధికారి తన పెన్సిళ్ళు నాలుగూ తీసి జేబులో పెట్టుకుని చోటిచ్చాడు. సాక్షి కుర్చీలోంచి చెల్లెలు, "అయ్యో అక్కా, అవి కాదు, అవి లోపల పెట్టు!" అని తల పట్టుకుంది.

ముందు కంపెనీ లాయరే నన్ను అడిగాడు.

"ఏం చదువుకున్నారమ్మా?"

"నాలుగో తరగతండి."

ఆయన తమవాళ్ళ వంక చూసి చిన్నగా నవ్వాడు. "ఈ పుస్తకం రాసేనాటికి మీకు టేపు పనిలో అనుభవం ఎంత?"

"పధ్నాలుగేళ్ళండి."

"ఈ రంగంలో పుస్తకాలేమీ చదివి ఉండరు."

"రోలర్ల గురించి తొమ్మిది చదివానండి. మీ కంపెనీ మరమ్మతు పుస్తకం కూడా. నూట పన్నెండో పేజీలో ఉంది, రోలరు ముఖం అద్దంలా ఉండాలి, గీత కనబడితే వెంటనే మార్చెయ్యాలి అని. పక్కన గీత పడ్డ రోలరు బొమ్మ వేసి, దాని మీద ఇంటూ కొట్టారు."

కంపెనీవాళ్ళ వరసలో చివర కూచున్న ఒక పొడుగాటి మనిషి తల దించుకున్నాడు. ఆయన వాళ్ళ ఇంజినీరు.

"కంచెల్లేని రోలర్లు చూశారా?"

"పాటల యంత్రాలవి రోజూ చూసేదాన్నండి."

"గీతల రోలరు, మిల్లుది, అది మాత్రం మీరు ఎరిగి ఉండరు కదా?"

"ఎందుకెరగనండి? నాలుగేళ్ళు తుడిచాను. ఆ గీతలు గాలి కోసమని అక్కడి మేస్త్రీ చెప్పాడు కూడా."

ఆ నాలుగు సంగతులూ రాసుకున్న కాగితం విచారణాధికారి ముందే ఉంది. ఆయన జేబులోంచి ఒక పెన్సిలు తీసి, మూడింటి పక్కన టిక్కులు పెట్టడం అందరూ చూశారు. నాలుగోదాని దగ్గర ఆగాడు.

"కొత్తవి కనిపెట్టే బుద్ధి?" అని నన్నే అడిగాడు.

"ఒక్కరవ్వ కూడా లేదండి. అదంతా దానికే వచ్చింది," అని చెల్లెల్ని చూపించాను.

ఈసారి అందరూ నవ్వారు, కంపెనీవాళ్ళతో సహా. లాయరు ఒక్కడే నవ్వలేదు.

విచారణాధికారి పుస్తకం తెరిచి పైకే చదవడం మొదలుపెట్టాడు. "గీతలున్నాయి. పనికిరాదు. గీతలున్నాయి. పనికిరాదు. మళ్ళీ గీతలు. పనికిరాదు." పేజీ తిప్పాడు. "ఇదేమిటి? 'ఈ పిల్లకి పిచ్చి పట్టింది. మేస్త్రీకి చెప్పాలి.' ఏ పిల్లకి?"

"మీ ముందున్న పిల్లకేనండి."

"నలభై ఒక్కటీ ఇలాగే?"

"ఒక్కటీ వదల్లేదండి."

కంపెనీ లాయరు తేరుకున్నాడు. "అయ్యా, వీళ్ళు అక్కాచెల్లెళ్ళు. ఇది ఎప్పుడు రాశారో, ఎవరు చూశారు?"

చెల్లెలు అప్పటికే కుర్చీలోంచి దిగి సాక్సు దారం పళ్ళతో తెంపుతోంది. ఒక రోలరు తీసి విచారణాధికారి ముందు నిలబెట్టింది. "పారేసిన వాటిలోవే ఇవండి, చివరి పన్నెండు. ఈ ఎర్రచుక్కలు మా అక్క పెట్టినవి. పుస్తకంలో ప్రతి పేజీ కింద మేస్త్రీ సంతకం, తారీఖు ఉంటాయి. పేటెంటుకి అర్జీ పెట్టింది ఆ తరవాత ఐదు నెలలకండి."

విచారణాధికారి పేజీ కిందకి చూశాడు. రోలరు తిప్పి చుక్క చూశాడు. తరువాత నన్ను అడిగాడు, చాలా మెల్లగా. "అమ్మా, రెండు రకాల రోలర్లూ మీకు తెలుసు. గాలి సంగతీ తెలుసు. తయారైన వస్తువే చేతికి వచ్చింది. అయినా మీకెందుకు తట్టలేదు?"

నేను ఎన్నో ఏళ్ళు నన్ను నేను అడుక్కున్న ప్రశ్న అదే.

"కాగితం మీద గీత పడితే నష్టం లేదండి. టేపు మీద గీత పడితే అందులో దాచిందంతా పోతుంది. ఈ పనిలో చేరిన మొదటి రోజే గీతంటే పాము అని నేర్పుతారు. పధ్నాలుగేళ్ళు గీతల్ని వెతికి పట్టుకోవడమే నా పని. నాకు గీతే కనబడిందండి, గాలి కనబడలేదు."

"మరి ఈ గీత టేపుని కొయ్యదా?"

"కొయ్యదండి!" చెల్లెలు దాదాపు అరిచింది. "గీత అంచుని గుండ్రం చేశాను. గోరు పెట్టి చూడండి."

ఆయన గోటితో రోలరు ముఖం మీద అడ్డంగా లాగాడు. మళ్ళీ లాగాడు. ఒక్కొక్కటే పన్నెండూ తీయించి అన్నిటి మీదా గోరు లాగాడు. "ఆగడం లేదు," అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

నడవాలోకి రాగానే లాయరమ్మ నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"ఏమిటి పెద్దమ్మా మీరు! ఇంత సాక్ష్యం బ్యాగు అడుగున పెట్టుకుని కూచున్నారా? రాత్రంతా దీనికోసమే కదా నేను కొట్టుకుంది!"

"అది సాక్ష్యమని నాకేం తెలుసమ్మా? నా తప్పనుకున్నాను."

"తప్పే! అందుకే సాక్ష్యం! అన్నీ తెలిసిన మనిషి కూడా ఆ తప్పు చేసిందంటే ఇది ఎవరికో తట్టేది కాదని అర్థం." చెల్లెలి వైపు తిరిగింది. "మీరైనా చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్పను? అందరి ముందూ ఆవిడ పరువు పోదూ? ఆవిడకి ఉన్నది ఆ భూతద్దం అన్న పేరొక్కటే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరం ఒకరికోసం ఒకరం నోరు మూసుకుని, కొంప ముంచుకోబోయాం. ముగ్గురం కిటికీ గట్టు మీద కూచుని ఒక రొట్టె విరుచుకుని తిన్నాం. ఆకలి తెలిసింది నాకు, రెండు రోజుల తరువాత.

రెండున్నరకి మళ్ళీ పిలిచారు. విచారణాధికారి నిలబడే చదివాడు. పాత కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఈ రోలరు పుట్టదని, ఆ నాటి పనివాళ్ళకి నేర్పింది దీనికి సరిగ్గా వ్యతిరేకమని, కంపెనీ చెప్పిన కొలతలన్నిటికీ సరిపోయే మనిషే ఈ వస్తువుని చేతిలో పట్టుకుని లోపమనుకుని పారేసిందని చెప్పాడు. పేటెంటు నిలుస్తుందన్నాడు. చివర్లో చెల్లెలి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా చదివాడు. అంత పెద్ద గదిలో ఆ పేరు వినబడుతుంటే నా అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా ఏదో పాకింది. చెల్లెలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు తిమ్మిరెక్కాయి.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి ఎవరో గబగబా వచ్చారు. తల దించుకున్న ఆ పొడుగాటి ఇంజినీరే.

"అమ్మగారూ, ఒక్క మాట. మేమూ గీతలు పెట్టాం, మీది చూసే. కాని మా టేపులు గీసుకుపోతున్నాయి. ఆ అంచు గుండ్రం చెయ్యడం మావాళ్ళకి పట్టుబడటం లేదు."

"చూసే పెట్టామని ఇప్పుడా చెప్పేది?" అంది లాయరమ్మ. "పొద్దున చెప్పుంటే ఇంత గొడవ లేదు కదండీ!"

"పొద్దున మా లాయరు నోరెత్తొద్దన్నాడు," అన్నాడాయన. "ఈవిడగారు మా ఫ్యాక్టరీకి వస్తే బాగుండు. మూడు నెలలు చాలు. లేత్‌లు పదహారున్నాయి. ఎవర్ని కావాలంటే వాళ్ళకి నేర్పొచ్చు. ఇకమీదట ప్రతి రోలరు మీదా ఆవిడ పేటెంటు నంబరు వేస్తాం, మాటిస్తున్నా."

"పదహారా!" అంది చెల్లెలు. అంతే, నాకు అర్థమైపోయింది. మా వర్క్‌షాపులో ఉన్నవి రెండు.

"ఎప్పుడు రావాలి?"

"మేం ఇవాళ నాలుగుంపావు బండికి వెళ్తున్నాం. మీరు ఎప్పుడొచ్చినా సరే."

చెల్లెలు నా వంక చూసింది. వద్దు అనడానికి నాకు వంద కారణాలు నోటిదాకా వచ్చాయి. కొత్త చోటు. తలనొప్పి. యజమానికి జ్వరం. కాని ఆ కళ్ళు చూశాక ఒక్కటీ బయటికి రాలేదు. పొద్దున సాక్షి కుర్చీలో వాన సంగతి చెప్తున్నప్పటి కళ్ళే అవి.

"వెళ్ళు," అన్నాను. "చేతనైనదానివి నువ్వేగా."

"యజమాని ఏమంటాడో?"

"ఆయనకి నేను చెప్తాలే. భూతద్దం ఒప్పుకుందని చెప్తా."

ఆమె పకపకా నవ్వింది. నేను సర్దిన మూడు జతల బట్టలతోనే, ఆ నాలుగుంపావు బండికే బయలుదేరింది. స్టేషనులో జనం తోసుకుంటున్నారు. ఇంజినీరు ముందు నడుస్తూ దారి చేస్తుంటే, చెల్లెలు నడుస్తూనే గాలిలో చేతులు తిప్పుతూ ఆయనకి అంచు సంగతి చెప్పడం మొదలుపెట్టేసింది. బండి ఎక్కి కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, ముందు పదహారు లేత్‌లూ ఒకే కొలతకి తేవాలి, తెలుసా! ముందు అదే చెయ్యాలి!" అని అరిచింది. ఇంకా ఏదో అంది. బండి కూతలో వినబడలేదు.

మూడు నెలలు ఏడాదైంది. తరువాత ఆ ఫ్యాక్టరీలోనే కొత్తవాళ్ళకి నేర్పే గది ఆమెకి అప్పగించారు. చెల్లెలు తిరిగి రాలేదు. ఆమె వెళ్ళింది 1991 నవంబరు 14, గురువారం.